ఒట్టిచేతుల మేడమ్, గ్లౌజులమ్మ

ఆ ప్రయోగశాలలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ గ్లౌజులమ్మే. పొద్దున తొమ్మిదింటికి లోపలికి అడుగు పెట్టగానే చేతులకి గ్లౌజులు తొడుగుతుంది, సాయంత్రం ఐదున్నరకి తీస్తుంది. మధ్యలో పదిహేను జతలైనా మారుస్తుంది. ఫ్రిజ్ తలుపుకి ఒక జత, కణాల ప్లేటుకి ఒక జత. ఫోను మోగితే ఎడమ చేతి గ్లౌజు ఊడదీసి ఆ చేత్తో ఎత్తుతుంది తప్ప కుడి చెయ్యి పనిలోంచి కదలదు. ఈ చాదస్తం చూసి నవ్వనివాళ్ళు లేరు. నవ్వినవాళ్ళకి మాత్రం ఆ వారం కణాలు ఎందుకో ఆలస్యంగా తయారయ్యేవి.

మంచి మనిషేనా అంటే ఆ మాట ఎవరూ తొందరపడి అనరు. నోరు పదును. ఒకసారి మనసులో పెట్టుకున్నది పదేళ్ళయినా వదలదు. కానీ ఆవిడ చేతిలో కణాలు పాడయ్యాయని ఇరవై నాలుగేళ్ళలో ఎవరూ అనలేదు. కణాలు పెంచడమే ఆవిడ ఉద్యోగం. ఒంటి వేడికి సమానమైన వెచ్చదనం ఉన్న పెట్టెలో, సీసాల అడుగున, పల్చటి ద్రవంలో అవి పెరుగుతాయి. ఆ ద్రవానికి రంగు కూడా ఉండకూడదు. మామూలుగా కలిపే ఎర్ర రంగు కూడా ఒక్కోసారి హార్మోన్ వేషం వేసి కణాలని మోసం చేస్తుంది. అందులో ఆహారంగా కలిపే రక్తపు సీరంలోంచి హార్మోన్లన్నీ బొగ్గుపొడితో పీల్చేయించాలి. అది చెయ్యడంలో గ్లౌజులమ్మని మించినవాళ్ళు లేరు. ఆవిడకున్న గర్వమంతా ఆ నల్లటి పొడి దగ్గరే ఉంది.

ఇక మేడమ్ సంగతి. ఆ ల్యాబుకి పెద్ద మేడమే. పత్రికల్లో పేరు, గోడ నిండా ప్రశంసాపత్రాలు. పైగా గ్లౌజులమ్మ సొంత అన్నకి పెళ్ళాం.

ఈ గొయ్యి గ్లౌజులమ్మ తన చేతులతో తవ్వుకున్నదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు గొడుగు మరిచిపోతే అన్న తెచ్చాడు. గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ అన్నని, అప్పుడే పరిశోధనకి చేరిన పొడుగాటి అమ్మాయి "ఎవరు కావాలండీ?" అని అడిగింది. ఏడాది తిరక్కుండా ఆ అమ్మాయి వదినై ఇంట్లో దిగింది. "ఆ రోజు తడిసి ముద్దయినా బాగుండేది. జలుబు వారంలో పోయేది" అని గ్లౌజులమ్మ ఇప్పటికీ అంటుంది.

పెళ్ళయిన నాలుగో రోజునే వదిన ఒక షరతు పెట్టింది. "చూడు, ఇంట్లో నేను నీకు వదినని. అక్కడ కాదు. ఆ గేటు లోపల వదినా అని నీ నోట్లోంచి ఒక్కసారి వచ్చినా ఇద్దరికీ చెడుతుంది. నా వల్ల నీ ఉద్యోగం నిలబడిందంటారు, నీ వల్ల నా పరువు పోతుంది."

ఆ చివరి మాట గ్లౌజులమ్మకి గుండెల్లో దిగింది. అయినా సరేనంది, ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఇరవై మూడేళ్ళు ఆ గేటు లోపల మేడమ్ అనే పిలిచింది. మేడమ్ కూడా అక్కడ ఆవిడని మీరు అనేది. ఆ మీరులోని చల్లదనం ముందు మైనస్ ఎనభై ఫ్రిజ్ దిగదుడుపే.

ఆదివారం అన్న ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు మాత్రం గ్లౌజులమ్మ ఆడపడుచు హోదా అంతా వాడుకునేది.

"వదినా, ఈ కూరలో ఉప్పు కొలిచి వేశావా, గుడ్డిగా వేశావా?"

"తినేది నువ్వని తెలిసి కొలవలేదు."

అన్న నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి మధ్య కుక్కిన పేనులా కూర్చుని, మజ్జిగ గ్లాసులో లేని మీగడ కోసం వెతుకుతూ ఉండేవాడు.

ల్యాబులో అందరూ ఏళ్ళ తరబడి వేలాడుతున్నది ఒకే ఒక ప్రోటీన్ మీద. అది కణం లోపల ఉంటుంది. హార్మోన్ వచ్చి దాని ఒడిలో కూర్చోగానే ప్రోటీన్‌లోని ఒక చిన్న మడత మూతలా పడుతుంది. మూత పడితే కణానికి కబురు అందుతుంది, పెరగమని, రెండుగా చీలమని. హార్మోన్ రాకపోతే మూతా పడదు, కబురూ లేదు. ఆ కబురు కంటికి కనిపించడానికి కణాల్లో మిణుగురు పురుగుల వెలుగుకి కారణమైన జన్యువు ఒకటి చేరుస్తారు. కణాలని వేసేది వరసలుగా గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో; కబురు అందితే ఆ గుంట మెరుస్తుంది. అందకపోతే చీకటి.

పధ్నాలుగు నెలల కిందట మేడమ్ ఆ ప్రోటీన్ గొలుసులో ఒకే ఒక్క పూస మార్చింది. మార్చిన ప్రోటీన్ ఉన్న ప్లేటు హార్మోన్ చుక్క వెయ్యకుండానే మెరిసింది. అంటే ఏ హార్మోనూ అవసరం లేకుండా మూత దానంతట అదే పడుతోందన్నమాట. కొన్ని జబ్బులు మందుకి ఎందుకు లొంగవో దీంతో తేలిపోతుందని మేడమ్ పెద్ద వ్యాసం రాసింది. కంప్యూటర్ తెర మీద ఆ ప్రోటీన్ రంగురంగుల రిబ్బన్ల బొమ్మలా తిరుగుతుంటే చూడ్డానికి పక్క ల్యాబులవాళ్ళు కూడా వచ్చారు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో కంప్యూటర్ బాగుచేసినవాడి పేరుంది. గ్లౌజులమ్మ పేరు లేదు.

ఈ ప్రయోగం చేసే పద్ధతి ఒకటుంది. మామూలు ప్రోటీన్ ఉన్న ప్లేటు, మార్చిన ప్రోటీన్ ఉన్న ప్లేటు, రెండూ పక్కపక్కన వెయ్యాలి. మామూలు ప్లేటు గ్లౌజులమ్మకి వదిలేసింది మేడమ్. మార్చినదాన్ని మాత్రం ఎవర్నీ తాకనివ్వలేదు, ముఖ్యంగా గ్లౌజులమ్మని. "ఈవిడ దాని మీద ఊపిరి వదిలినా చెడిపోతుంది" అని అందరూ వింటుండగా అంది. మేడమ్ ఒట్టి చేతులతో పని చేస్తుంది. "గ్లౌజు తొడిగితే వేళ్ళకి కళ్ళు పోతాయి" అనేది ఆవిడ సిద్ధాంతం. చుక్కలు కొలిచి వేసే పిపెట్‌ని డబ్బాలోకి దింపి, దాని కొసకి టిప్పు అనే ప్లాస్టిక్ మొన తగిలించుకోవడం చాలదు ఆవిడకి. చదువుకునే రోజుల్లో ఎప్పుడో ఒక టిప్పు జారి ప్రయోగమంతా పోయింది. అప్పట్నుంచి ప్రతి టిప్పునీ రెండు వేళ్ళతో పట్టుకుని మెలితిప్పి బిగిస్తే తప్ప మనసు కుదుటపడదు.

అంతలో ఇంకో ఊరి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళు ఆరుసార్లు చేశారట, ఒక్కసారీ మెరవలేదట. సంస్థ డైరెక్టర్ కంగారుపడి, ఈసారి మార్చిన ప్లేటు గ్లౌజులమ్మని వెయ్యమన్నాడు. మూడుసార్లు వేసింది. మూడుసార్లూ చీకటే.

మేడమ్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఒక ఫిర్యాదు రాసింది. ‘సదరు సాంకేతిక సహాయకురాలు నా మీద వ్యక్తిగత ద్వేషంతో, కావాలని, కణాలని పాడుచేసి ఫలితం రాకుండా చేసినది.’ విచారణకి బయటి నుంచి ముగ్గురిని పిలిచారు. తప్పు రుజువైతే కణాల గది తాళాలు లాక్కుని సామాన్ల గదికి పంపుతారు. అక్కడ ఖాళీ అట్టపెట్టెలు చదును చేసి పేర్చే పని ఉంటుంది. పదవీ విరమణకి ఇంకా పన్నెండేళ్ళుంది.

ఆ కాగితం చదివిన గ్లౌజులమ్మకి తల కొట్టేసినట్టయింది. ద్వేషమా? ఉంది, లేదని ఎవరన్నారు? కానీ కణాలేం పాపం చేశాయి? వదిన మీద కోపంతో కణాలు చంపేదాన్నే అయితే ఇన్నేళ్ళలో ఈ ల్యాబులో ఒక్క సీసా మిగిలేదా? ఈ ముక్క ఎవరితోనైనా అందామంటే వినేవాళ్ళు లేరు. నిన్నటిదాకా కణాల కోసం ఆవిడ చుట్టూ తిరిగినవాళ్ళంతా ముఖం చాటేశారు.

అందుకని ఆవిడ మేడమ్ వేసిన పాత ప్లేట్ల ఫలితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. రెండు రోజులు చూసింది. మూడో రోజు ఒక విషయం కంటికి ఆనింది. ఏ ప్లేటు చూసినా మొదటి వరస బాగా మెరిసింది, రెండోది కాస్త తగ్గింది, మూడోది ఇంకా తగ్గింది, ఎనిమిదో వరసకి మిణుకుమిణుకుమంటోంది. మేడమ్ వరసలు వేసే క్రమం అదే. మూత నిజంగా దానంతట అదే పడుతుంటే వరస వరసకీ అలసిపోవడం ఎందుకు? ఏదో వేళ్ళకి అంటుకుని ఉండి, టిప్పు తర్వాత టిప్పుకి తుడుచుకుపోతోంది. ఏమిటా ఏదో?

జవాబు ఆదివారం దొరికింది. ఇంత జరిగాక కూడా భోజనానికి ఎందుకెళ్ళిందంటే, రావద్దని వదిన నోటితో అనేదాకా మానడం తనకి ఓటమి కాబట్టి. వదిన గదిలోంచి బయటికి రాలేదు. గ్లౌజులమ్మకి తల పగిలిపోతుంటే, "స్నానాల గది అల్మరాలో మాత్రలుంటాయి చూడు" అన్నాడు అన్న. మాత్రల పక్కన ఒక ట్యూబు ఉంది. పొద్దుటే చేతులకి రాసుకునే జెల్. దాని మీద రాసి ఉన్న హార్మోన్ పేరు గ్లౌజులమ్మ రోజూ సీసాల మీద చదివే పేరే. బొగ్గుపొడితో తను పట్టుబట్టి తీసేసే హార్మోన్ అదే.

"ఇది వదిన ఎన్నాళ్ళుగా వాడుతోందన్నయ్యా?"

"ఏడాదిన్నర అయ్యుంటుంది. ఒంట్లోంచి సెగలొస్తున్నాయని డాక్టరమ్మ రాసింది. ఏం? నీక్కూడా కావాలా?"

గ్లౌజులమ్మ మాత్ర వేసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

సోమవారం మేడమ్ బల్ల మీద పెన్ను మరిచిపోయింది. గ్లౌజులమ్మ దాన్ని పట్టకారుతో ఎత్తి, కాస్త శుభ్రమైన ద్రవంలో కడిగి, ఆ కడిగిన ద్రవాన్ని మామూలు ప్రోటీన్ ఉన్న కణాల మీద వేసింది. పక్క వరసలో తన పెన్ను కడిగినది. ఎందుకైనా మంచిదని, చేతులు కడుక్కునే చోట తనే నింపిపెట్టే సబ్బు కూడా నీళ్ళలో కలిపి మూడో వరసలో వేసింది. మర్నాడు మధ్యాహ్నం వెలుగు కొలిచే యంత్రం అంకెలు చూపించింది. తన పెన్ను చీకటి. సబ్బు చీకటి. మేడమ్ పెన్ను పెళ్ళి పందిరిలా వెలిగిపోతోంది. మార్చిన ప్రోటీన్‌లో గొప్పేమీ లేదు. మేడమ్ చెయ్యి తగిలితే మామూలుదీ మెరుస్తుంది. మామూలు ప్లేటు కూడా మేడమే వేసి ఉంటే మొదటి వారంలోనే ఆ సంగతి బయటపడేది. ఆడపడుచు మీద అనుమానంతో ప్లేట్లు పంచుకోవడం వల్ల పధ్నాలుగు నెలలు దాగింది.

గ్లౌజులమ్మ ఆ కాగితం పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళింది. ఒళ్ళంతా ఆనందంగా ఉంది, అబద్ధం ఎందుకు? ఇరవై మూడేళ్ళ కసి తీరే రోజు.

"ఇది మీ పెన్ను కడిగిన ద్రవం మేడమ్. ఇది నాది."

మేడమ్ అంకెలు చూసింది. ముఖం మాడిపోయింది. "నా పెన్ను దొంగిలించారా?"

"మీరే మరిచిపోయారు. మీరు పొద్దున చేతులకి రాసుకునే జెల్ ఉంది చూశారూ..."

"నోర్ముయ్!" ఆ గేటు లోపల మొదటిసారి మీరు ఎగిరిపోయింది. "నా స్నానాల గదిలోకి కూడా దూరావన్నమాట."

"మాత్ర కోసం అన్నయ్యే వెళ్ళమన్నాడు."

"ముగ్గురు మగాళ్ళు కూర్చుంటారు ఎల్లుండి. వాళ్ళ ముందు నిలబడి, ఈవిడకి ముట్లు ఆగిపోయాయి, సెగలొస్తున్నాయి, మందు పూసుకుంటోంది అని చెప్తావు. అంతేగా? చెప్పు. దీని కోసమే కదా ఇన్నేళ్ళు కాచుక్కూచున్నావు."

మేడమ్ మెడ మీద చెమట ధారకట్టింది. కిటికీ తీసే ఉంది, పంకా తిరుగుతూనే ఉంది. గ్లౌజులమ్మ చూపు తిప్పుకుంది. తనకి కూడా మూడు నెలలుగా ఒంట్లోంచి సెగలొస్తున్నాయి. ఎవరితోనూ అనలేదు. వచ్చిన ఆనందం ఎటు పోయిందో పోయింది, దానికీ ఒళ్ళు మండింది.

"చెప్పను" అంది. "వాళ్ళ ముందు మీరు గ్లౌజులు తొడిగి ప్లేటు వెయ్యండి. చీకటే వస్తుంది. చేతులకేదో అంటుకుని ఉంటుంది, ఏమిటో తెలీదు అనండి. నా మీద పెట్టిన కాగితం వెనక్కి తీసుకోండి. నాకు కణాల గది చాలు."

"సరే" అంది మేడమ్, తల ఎత్తకుండానే.

గురువారం ముగ్గురూ వచ్చారు. వాళ్ళ ముందు మేడమ్ గ్లౌజులు తొడిగి మార్చిన ప్లేటు వేసింది. ఆ గ్లౌజుల్లో ఆవిడ వేళ్ళు కొత్త చెప్పులేసుకున్న కాళ్ళలా తడబడ్డాయి. శుక్రవారం యంత్రం ఎనిమిది వరసల్లోనూ చీకటి చూపించింది. అందరూ పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన పెద్దాయన అధ్యక్షుడు.

"దీనికి మీ వివరణ ఏమిటి మేడమ్?"

మేడమ్ గొంతు సవరించుకుంది. "గ్లౌజులు వేసుకుంటే మెరుపు లేదు. అంటే చేతులకి ఏదో అంటుకుంటోంది. బాగా ఆలోచించాను. మా చేతులు కడుక్కునే సబ్బు. కొన్ని సబ్బుల్లో కలిపే పదార్థాలు హార్మోన్‌లా పనిచేస్తాయని మీకు తెలిసిందే. ఆ సబ్బు తెప్పించేది, సీసాల్లో నింపేది ఈవిడ."

గ్లౌజులమ్మకి మొదట అర్థం కాలేదు.

"కాబట్టి, కావాలని చేశారన్న నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను" అంది మేడమ్ మెత్తగా. "ఇది ఒట్టి అజాగ్రత్త. అయితే ఇంత అజాగ్రత్త మనిషి చేతిలో కణాల గది ఉండకూడదని నా అభిప్రాయం."

మాట సగం నిలబెట్టుకుంది. ఫిర్యాదు నిజంగానే వెనక్కి తీసుకుంది. కణాల గది మాత్రం లాగేసుకోమంటోంది. అధ్యక్షుడు కాగితం మీద ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. సామాన్ల గది, అట్టపెట్టెలు, పన్నెండేళ్ళు. గ్లౌజులమ్మ లేచి నిలబడింది. కోటు జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో ఉన్న పెన్ను, నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"సబ్బు కూడా చూశానండీ. మూడో వరస. చీకటే. రెండో వరస నా పెన్ను. అదీ చీకటే. మొదటి వరస చూడండి. అది ఈ పెన్ను కడిగిన ద్రవం. మామూలు ప్రోటీన్ కణాల మీదే వేశాను."

"ఈ పెన్ను ఎవరిది?"

"మేడమ్‌ది."

అధ్యక్షుడు సంచిలోంచి పెన్ను తియ్యబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గ్లౌజులమ్మ ఇంకో జేబులోంచి ఒక గ్లౌజు తీసి ఆయన ముందు పెట్టింది.

"దీని మీద ఏముంది?"

మేడమ్ గ్లౌజులమ్మ వైపు చూసింది. ఇరవై మూడేళ్ళలో ఆ కళ్ళు ఎన్నో అన్నాయి గానీ, వద్దు అని ఎప్పుడూ బతిమాలలేదు. గ్లౌజులమ్మ ఆ చూపు చూసింది, అర్థం చేసుకుంది, చెప్పేసింది.

"హార్మోనేనండీ. పొద్దుటే చేతులకి రాసుకునే మందు. ఆ వయసు ఆడవాళ్ళకి డాక్టర్లు రాసేదే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకూ రేపో మాపో రాస్తారు. చేతులు కడుక్కోకుండా, గ్లౌజు తొడగకుండా టిప్పులు మెలితిప్పడమే తప్పు. ఆ తప్పు నా నెత్తిన రుద్దడం ఇంకో తప్పు."

ముగ్గురు మగాళ్ళూ బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. చివరికి అధ్యక్షుడు కళ్ళజోడు పైకి తోసుకుని అడిగాడు. "ఇంత సొంత విషయం నీకెలా తెలుసు? తెలిసినదానివి, ఉద్యోగం మీదికి వచ్చేదాకా నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావమ్మా?"



"మా వదినండీ" అంది గ్లౌజులమ్మ.

కణాల గది తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది, గోడ మీద ఒక ప్రశంసాపత్రం ఉన్న చోట ఇప్పుడు మేకు మిగిలింది. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. అన్న అప్పుడప్పుడు సాయంత్రాలు గేటు దాకా వచ్చి, చెల్లెలితో నాలుగు మాటలాడి, పెళ్ళాం రాకముందే వెళ్ళిపోతాడు. మేడమ్ ఇప్పుడు గ్లౌజులు వేసుకుంటుంది. ఆవిడ బల్ల మీద డబ్బా ఖాళీ అయితే ఎవరినీ అడగదు. అడగాల్సిన పని కూడా లేదు. గ్లౌజులమ్మ ప్రతి సోమవారం తనే నింపి పెడుతుంది, ఒక సైజు చిన్నవి.